మెషీన్ పెట్టే ముందు మాట అడగండి: ఫిజియోథెరపిస్టులకు, ఫిట్‌నెస్ కేంద్రాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫిజియోథెరపిస్టులకు, మీ వృత్తి సంఘాల బాధ్యులకు, ఫిట్‌నెస్ కేంద్రాల నిర్వాహకులకు,

నమస్కారం.

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లను మళ్లీ నడిపించేది మీరు. పక్షవాతంతో పడిపోయిన చేతిని నెలల తరబడి ఓపికగా కదిలించేది మీరు. ఆ గౌరవం మాకుంది కాబట్టే, వ్యాయామం తర్వాతి నొప్పులకు అల్ట్రాసౌండ్ మెషీన్ పెట్టడం గురించి మొదట గుట్టుగా మీకే రాశాం. మొదటి ఉత్తరం మా సభ్యుడికి వైద్యం చేసిన క్లినిక్‌కు వెళ్లింది. జవాబు లేదు. నెల ఆగి వృత్తి సంఘానికి రాస్తే "మీ లేఖ అందింది" అని ఒక్క వాక్యం వచ్చింది. గుర్తు చేస్తూ ఇంకొకటి రాశాం. ఈసారి ఆ ఒక్క వాక్యం కూడా రాలేదు. అందుకే నలుగురి ముందు పెడుతున్నాం.

మాది చిన్న వ్యాయామ బృందం. ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, రిటైరైనవాళ్లం కలిసి నడుస్తాం, పరుగెత్తుతాం, చేతనైనంతలో బరువులెత్తుతాం. మాలో నలభై దాటిన ఒకాయన కొన్ని నెలల విరామం తర్వాత ఒక ఫిట్‌నెస్ కేంద్రంవాళ్లు పెట్టిన గుంజీల పోటీలో చేరారు. ఒక్క పూటలో కొన్ని వందల గుంజీలు తీశారు. మర్నాటికి తొడలు బిగుసుకుపోయాయి. ఆ కేంద్రంవాళ్లే ఆయన్ని తెలిసిన ఫిజియో దగ్గరికి పంపారు. అక్కడ తొడల మీద జెల్ రాసి, ఒక్కో కాలికి ఐదు నిమిషాలు అల్ట్రాసౌండ్ పెట్టి, "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, ఐదు సిట్టింగులు పడితే కరిగిపోతుంది" అన్నారు. రెండో రోజుకి తొడలు వాచాయి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. అదే జెల్, అదే ఐదు నిమిషాలు. మూడో రోజు పొద్దున మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. నిజానికి అంతకు ముందు రోజే రంగు మారింది. అడిగి ఉంటే చెప్పేవారు. ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో దానికి రాబ్డోమయోలిసిస్ అని పేరు చెప్పారు. శక్తికి మించిన పనితో కండర కణాలు పెద్ద ఎత్తున చితికిపోయి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. రోజుల తరబడి సెలైన్ ఎక్కించారు. కిడ్నీలు దక్కాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ జబ్బు మీ మెషీన్ వల్ల రాలేదు, అలాగని మేం ఎక్కడా అనలేదు. మా బాధ వేరు. వచ్చిన మనిషిని నాలుగు ప్రశ్నలు అడగాల్సిన చోట మెషీన్ వచ్చి కూర్చుంది. స్విచ్ వేశాక వైద్యం మొదలైందని ఆయనా అనుకున్నారు, అక్కడివాళ్లూ అనుకున్నారు. ఇక అడగడానికి ఏముంది?

ఈ ఒక్క సంఘటనతోనే ఆగిపోయి ఉంటే ఫిర్యాదు ఇచ్చి ఊరుకునేవాళ్లం. తర్వాత మా బృందంలో ఆరా తీస్తే, వ్యాయామం తర్వాతి నొప్పులకు ఏదో ఒక సమయంలో అల్ట్రాసౌండ్ పెట్టించుకున్నవాళ్లు చాలామందే తేలారు. వాళ్లలో నేనూ ఉన్నాను. నాకైతే హాయిగానే అనిపించింది. చల్లని జెల్, ఒంటి మీద మెల్లగా తిరిగే ప్రోబ్ (మెషీన్ చేతిపిడి), పక్కన కూర్చుని ఓపికగా మాట్లాడే మనిషి. ఐదో రోజుకి నొప్పి పోయింది. మెషీన్ మహిమే అనుకుని మరో ఇద్దరికి చెప్పాను కూడా. ఆ ఇద్దరికీ ఇప్పుడు క్షమాపణ చెప్పుకున్నాను.

ఎందుకో చెప్పాలంటే ముందు ఆ నొప్పి సంగతి చూడాలి. మీకు తెలియనిది కాదు. ఈ లేఖ చదివే మామూలు జనం కోసం రాస్తున్నాం.

అలవాటు లేని పని చేసిన కొన్ని గంటలకు మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, ఐదు నుంచి ఏడు రోజుల్లో దానంతటదే పోయే నొప్పి ఇది. మీరు డామ్స్ (ఆలస్యంగా మొదలయ్యే కండరాల నొప్పి) అంటారు. మేం "కాళ్లు పట్టేశాయి" అంటాం. కండ ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బరువు ఆపుకోవాల్సిన పనుల్లో ఇది ఎక్కువ: మెట్లు దిగడం, వాలు మీద పరుగెత్తడం, ఎత్తిన బరువును మెల్లగా దించడం, గుంజీలో కిందికి కూర్చోవడం. కొండ ఎక్కిన రోజు ఆయాసమే తప్ప నొప్పి ఉండదు. దిగినందుకు మూడో రోజు తెలుస్తుంది. దీనికి కారణం కండలో కలిగే సూక్ష్మమైన దెబ్బలని థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. దాని చుట్టూ వచ్చే వాపు, నరాల సున్నితత్వం గురించి తర్వాతివాళ్లు ఇంకా వివరంగా చెప్పారు. లాక్టిక్ యాసిడ్ సంగతికొస్తే, వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) మామూలు స్థాయికి దిగిపోతుంది. మర్నాడు మీ దగ్గరికి వచ్చిన మనిషి తొడలో కరిగించడానికి అదేమీ మిగిలి ఉండదు. డిగ్రీ చదివినవాళ్లు ఈ మాట ఇంకా ఎందుకు చెబుతున్నారో మాకు అర్థం కాదు.

నొప్పి ఆయుష్షే ఐదారు రోజులు. సిట్టింగులు ఐదు. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే ఆ పేరు కాకికి పోతుంది. మన భాషలో కాకతాళీయం అన్న మాట పుట్టిందే దీని గురించి.

ఇక మెషీన్. అల్ట్రాసౌండ్ అనగానే చాలామంది స్కానింగ్ అనుకుంటారు. లోపల ఏముందో చూసి మరీ వైద్యం చేస్తున్నారని నమ్ముతారు. ఈ మెషీన్ ఏమీ చూడదు. ప్రోబ్‌లోని స్ఫటికం కరెంటుతో కంపించి, మన చెవికి అందనంత వేగంగా, మామూలుగా 1 లేదా 3 మెగాహెర్ట్జ్ దగ్గర, శబ్ద తరంగాలను ఒంట్లోకి పంపుతుంది. 3 మెగాహెర్ట్జ్ ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులోనే ఖర్చైపోతుంది. 1 మెగాహెర్ట్జ్ ఇంకాస్త లోపలికి పోతుంది. తరంగాలు ఆగకుండా పంపితే లోపల వేడి పుడుతుంది. ఆపి ఆపి పంపితే వేడి తక్కువ. అప్పుడు కణాల దగ్గర ద్రవాల కదలిక వల్ల మేలు జరుగుతుందంటారు. ఆ మేలు ప్రయోగశాల పాత్రలో కనిపించినంత స్పష్టంగా మనిషి కండలో కనిపించలేదు.

వేడి సంగతి లెక్కలోనే చూద్దాం. డేవిడ్ డ్రేపర్ బృందం 1995లో మనిషి కండలోకి సూది థర్మామీటర్లు దించి కొలిచింది. చదరపు సెంటీమీటరుకు 1 వాట్ చొప్పున ఆగకుండా పెడితే, 1 మెగాహెర్ట్జ్‌తో నిమిషానికి సుమారు 0.2 డిగ్రీలు, 3 మెగాహెర్ట్జ్‌తో సుమారు 0.6 డిగ్రీలు పెరిగింది. అదీ ప్రోబ్ ముఖానికి రెండింతల చోటులోనే తిప్పినప్పుడు. ప్రోబ్ ముఖం మామూలుగా 5 చదరపు సెంటీమీటర్లు. రెండు మూడింతలు మించకూడదని మీకు చెప్పే పాఠమే. అంటే 10 నుంచి 15 చదరపు సెంటీమీటర్లు, అరచేతిలో ఒక మూల. గుంజీలు తీసినవాడికి నొప్పి పుట్టే తొడ ముందు భాగం కొన్ని వందల చదరపు సెంటీమీటర్లు. పాఠం ప్రకారం చేస్తే రెండు కాళ్లకు కలిపి గంటలు పడుతుంది. ఐదు నిమిషాల్లో తొడంతా ప్రోబ్ తిప్పేస్తే ఏ చోటుకీ చెప్పుకోదగ్గ వేడి అందదు. అంతకంటే కాసేపు చురుగ్గా నడిస్తే కండ ఎక్కువ వేడెక్కుతుంది. ఇంత చిన్న లెక్క మాకు అందినప్పుడు మీకు అందదని అనుకోలేం.

పరిశోధనలు ఏం చెప్పాయో కూడా దాచకుండా రాస్తున్నాం, మాకు అనుకూలంగా లేనిదాంతో సహా. 1990లో ఒక చిన్న పరిశోధనలో ఆపి ఆపి పెట్టిన అల్ట్రాసౌండ్‌తో నొప్పి తగ్గిందన్నారు. మరుసటి ఏడాదే చార్లెస్ సికోన్ బృందం మోచేయి వంచే కండరాల మీద పరీక్షిస్తే, మందు కలపని ఉత్త జెల్‌తో అల్ట్రాసౌండ్ పెట్టించుకున్నవాళ్లలో నొప్పి ఇంకా పెరిగింది. తర్వాత 1998లో ఒకటి, 1999లో రెండు పరిశోధనలు వచ్చాయి. మూడింటిలోనూ లాభం కనిపించలేదు. వాటిలో ఒకటి నొప్పితో పాటు కండ బలం తిరిగి రావడాన్ని కూడా కొలిచింది. అదీ త్వరగా రాలేదు.

వ్యాయామం నొప్పులు పక్కనపెట్టి మొత్తంగా చూసినా పరిస్థితి గొప్పగా లేదు. వాల్మా రాబర్ట్‌సన్, కెర్రీ బేకర్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ఫిజియోథెరపీ అల్ట్రాసౌండ్ మీద జరిగిన 35 పరీక్షలను వెతికి పట్టుకున్నారు. పద్ధతి ప్రకారం జరిగినవి 10 మాత్రమే అని తేల్చారు. ఆ 10లో 8 చోట్ల అసలు మెషీన్‌కూ, తరంగాలు పంపకుండా పెట్టే ఉత్తుత్తి మెషీన్‌కూ తేడా లేదు. తేడా కనిపించిన రెండూ వేరే జబ్బులు: భుజం స్నాయువులో సున్నం పేరుకోవడం, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం. అలాంటి చోట మీ నిర్ణయానికి మేం అడ్డు రావడం లేదు. మా ప్రశ్నంతా పట్టేసిన తొడల గురించే.

ఉత్తుత్తి మెషీన్ అంటే గుర్తొచ్చింది. 1986లో జ్ఞానదంతాలు తీయించుకున్నవాళ్ల దవడ మీద అల్ట్రాసౌండ్ ప్రయోగం చేశారు. మెషీన్ ఆపేసి ప్రోబ్ తిప్పినా వాపు తగ్గింది. అల్ట్రాసౌండ్ పనిచేస్తున్నప్పుడు మనిషికి ఏమీ తెలియదు, మహా అయితే గోరువెచ్చగా ఉంటుంది. కాబట్టి అది ఆన్‌లో ఉందో లేదో పెట్టించుకునేవాడికి తెలిసే అవకాశం దాదాపు లేదు. నేను అనుభవించిన హాయిలో జెల్ వాటా ఎంత, మనిషి చేతి వాటా ఎంత అని ఇప్పుడు ఆలోచిస్తే మాత్రం, తరంగాల వాటా చివర్లోనే వస్తుంది.

"నమ్మకంతోనైనా తగ్గుతోంది కదా, నష్టమేంటి?" అని మా బృందంలోనే ఒకరు అడిగారు. నష్టాలు ఇవి.

1. అడగాల్సినవి అడగడం మానేస్తారు. మా సభ్యుడి కథ పైన చెప్పాం. అలాంటిదే మరొకటి ఉంది: పిక్క నొప్పి. పరుగు తర్వాత రెండు పిక్కలూ పట్టేయడం వేరు, ఒక్క పిక్కే వాచి, వెచ్చగా, నొక్కితే నొప్పిగా ఉండడం వేరు. రెండోది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. అలాంటి చోట అల్ట్రాసౌండ్ పెట్టకూడదని మీ పుస్తకాల్లోనే ఉంది, గడ్డ కదిలితే ఊపిరితిత్తులకు చేరుతుందని. చూడకుండా, అడగకుండా జెల్ రాస్తే ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? క్యాన్సర్ ఉన్న చోట, గర్భిణుల పొట్ట, నడుము మీద, కళ్ల మీద, పేస్‌మేకర్ దగ్గర, స్పర్శ తెలియని చర్మం మీద, ఎదిగే పిల్లల ఎముకల చివర్ల దగ్గర కూడా ఇవే జాగ్రత్తలు చెబుతారు. మా బృందంలో అల్ట్రాసౌండ్ పెట్టించుకున్నవాళ్లను ఒక్కొక్కరిగా అడిగాను. ఇందులో ఒక్క ప్రశ్న అయినా తమను ముందుగా అడిగినట్టు ఎవరికీ గుర్తు లేదు.

2. సమయం, డబ్బు. ఇందులో పెద్ద వివరం అక్కర్లేదు. దానంతటదే పోయే నొప్పికి ఐదు రోజులు పని మానుకుని, ముందే మొత్తం కట్టించుకున్న సిట్టింగుల కోసం తిరుగుతున్నారు. రోజు కూలి మీద బతికేవాడికి ఆ అరపూట అంటే ఏమిటో చెప్పాలా?

3. వ్యాయామం అంటే భయం పుడుతుంది. మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మొదటిసారి ఒళ్లు వంచినవాడికి మూడో రోజు నొప్పి వస్తే, అది మామూలే, మరోసారి అదే పని చేసినప్పుడు ఇంత ఉండదు అని చెప్పేవాడు కావాలి. ఆ మాట నిజం కూడా. ఒకసారి అలాంటి పని చేసిన కండ తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి చాలా తక్కువ నొప్పి పడుతుందని పరిశోధనలు పదేపదే చూపించాయి. దానికి బదులు మనిషిని పడుకోబెట్టి, మెషీన్ తగిలించి, ఐదు రోజుల చికిత్స రాస్తే ఆయన బుర్రలో ఏం నాటుకుంటుంది? "నాకు ఏదో అయింది" అని. మా బృందంలో ఇద్దరు అలాగే మానేశారు. ఒకావిడకు షుగర్ ఉంది, నడక ఆమెకు మందుతో సమానం. "ప్రతిసారీ ఫిజియో దగ్గరికి పోవాలంటే నా వల్ల కాదు" అని ఇంట్లో కూర్చున్నారు. ఆవిణ్ణి మళ్లీ బయటికి తీసుకురావడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

4. మెషీన్ మీద కనిపించే అంకె నిజమో కాదో ఎవరికీ తెలియదు. స్కాట్లాండ్‌లోని లోథియన్ ప్రాంతంలో 1992లో 85 ఫిజియోథెరపీ అల్ట్రాసౌండ్ మెషీన్లను పరీక్షిస్తే, 69 శాతం మెషీన్ల శక్తి ఉండాల్సినదానికి 30 శాతానికి మించి తేడాగా వచ్చింది. తక్కువ వస్తే దండగ, ఎక్కువ వస్తే ప్రమాదం. ప్రోబ్ ముఖమంతా తరంగం సమానంగా రాదు, కొన్ని చోట్ల సగటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే దాన్ని ఒకే చోట ఆపకూడదు, ఎముక దగ్గర సూదితో పొడిచినట్టు అనిపిస్తే వెంటనే తీసేయాలి. ఈ సంగతి తెలియని ట్రైనర్లు ఫిట్‌నెస్ కేంద్రాల్లో ఫోన్ మాట్లాడుతూ ప్రోబ్ పట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

5. ఇంట్లో వాడుకునే చేతి మెషీన్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. క్లినిక్‌లో పెట్టారు కాబట్టి మంచిదే అయి ఉంటుందని జనం కొంటున్నారు. మీరు నొప్పులకు పెట్టే ప్రతి సిట్టింగూ ఆ అమ్మకాలకు ఉచిత ప్రకటన అవుతోంది.

మరి ఏం చేయాలి అని మీరు అడగవచ్చు. నొప్పితో వచ్చిన మనిషిని ఉత్తి చేతులతో పంపలేం కదా అని ఒక యువ ఫిజియో నాతో అన్నారు. ఆ ఇబ్బంది నిజమైనదే, కొట్టిపారేయడం లేదు. మనుషులు ఏదో ఒకటి చేయించుకునే వెళ్లాలనుకుంటారు, అందులో మా తప్పూ ఉంది. కానీ మీ చేతులు ఉత్తివి ఎందుకవుతాయి? నొప్పి తగ్గించే పద్ధతుల మీద జరిగిన 99 అధ్యయనాలను 2018లో కలిపి విశ్లేషించినప్పుడు ముందు నిలిచింది మసాజ్, అంటే మీ చేతి పనే. చన్నీళ్లలో కాళ్లు ముంచి కూర్చుంటే కొంత తగ్గుతుందని చెప్పే పరిశోధనలున్నాయి. మెల్లగా నడిచినా, సైకిల్ తొక్కినా కదులుతున్నంతసేపు హాయిగా ఉంటుంది. కండలు సాగదీయడం మీద మాత్రం మేం కూడా భ్రమపడ్డాం: వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం దానివల్ల నొప్పి తగ్గేది 100 పాయింట్ల కొలమానం మీద సగటున 1 పాయింటు అటూఇటూ. అన్నిటికీ మించి "ఇది ఫలానా రోజుకి తగ్గుతుంది, ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పో" అని చెప్పగలిగేది మీరే. ఆ రెండు వాక్యాలకు ఫీజు తీసుకోండి. సంతోషంగా ఇస్తాం.

మీ వృత్తిలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2014లోనే తన సభ్యులకు చెప్పింది: రోగి కదలకుండా పడుకుని చేయించుకునే ఇలాంటి చికిత్సలను, అతన్ని వ్యాయామంలోకి తేవడానికి అవసరమైతే తప్ప వాడవద్దని. మీ తోటివాళ్లు మీకే చెప్పిన మాట అది.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

1. వ్యాయామం తర్వాతి నొప్పితో ఎవరు వచ్చినా, చెయ్యి వేసే ముందు అడగండి: ఏం చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతకాలం విరామం తర్వాత చేశారు? మూత్రం రంగు మారిందా? నొప్పి రెండు వైపులా ఉందా, ఒక్క వైపేనా? వాపు ఉందా, బలం తగ్గిందా? ఏ మందులు వాడుతున్నారు? జవాబులు కాగితం మీద రాసి ఒక ప్రతి ఆ మనిషికి ఇవ్వండి. మూత్రం ముదురు రంగులో ఉంటే, వాపు విపరీతంగా ఉంటే, ఏ చికిత్సా మొదలుపెట్టకుండా అదే గంటలో ఆసుపత్రికి పంపండి.

2. ఈ నొప్పికి అల్ట్రాసౌండ్‌తో లాభం ఉన్నట్టు నమ్మదగ్గ ఆధారం లేదని నోటితో చెప్పండి. విన్న తర్వాత కూడా కావాలంటే అది వాళ్ల ఇష్టం. లాక్టిక్ యాసిడ్ కరుగుతుందన్న మాట మాత్రం ఈ రోజుతో ఆపేయండి.

3. ఈ నొప్పికి సిట్టింగుల ప్యాకేజీలు అమ్మడం మానండి. వారం దాటినా తగ్గకపోతే అది మామూలు నొప్పి కాదు, అప్పుడు కావాల్సింది పరీక్ష, ఆరో సిట్టింగు కాదు.

4. మీ దగ్గరున్న ప్రతి మెషీన్ మీద దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించి సరిచేయించారో తేదీ అంటించండి. వేరే జబ్బుకు వాడినా సరే, ఎన్ని మెగాహెర్ట్జ్, ఎంత శక్తి, ఎన్ని నిమిషాలు, ఎంత చోటులో అని రికార్డులో రాయండి. "అల్ట్రాసౌండ్ పెట్టాం" అన్న రెండు ముక్కలు రికార్డు అనిపించుకోవు.

5. ఫిట్‌నెస్ కేంద్రాల నిర్వాహకులకు: ట్రైనర్ల చేతికి ఈ మెషీన్లు ఇవ్వకండి. కొత్తగా చేరినవాళ్లను, విరామం తర్వాత వచ్చినవాళ్లను వందల గుంజీల పోటీల్లోకి దింపకండి. మొదటి వారాల్లో తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే మీరు ఫిజియో దగ్గరికి పంపే పనే చాలావరకు ఉండదు. పంపితే కమీషన్ వస్తుందేమో మాకు తెలియదు, వస్తుంటే ఆ సంగతి వెళ్లేవాడికి చెప్పండి.

6. వృత్తి సంఘాలకు: పై ఐదు విషయాల మీద మీ సభ్యులకు లిఖితపూర్వకంగా సూచనలు ఇవ్వండి. జనం చదవగలిగే తేట మాటల్లో ఒక్క పేజీ కరపత్రం వేసి ప్రతి క్లినిక్ గోడ మీద ఉండేలా చూడండి. రాయడానికి మనుషులు లేరంటే మేం రాసిపెడతాం, మీరు దిద్దండి. మా సభ్యుడి విషయంలో ఆ క్లినిక్ రికార్డులు తెప్పించి విచారణ జరపండి. ఎవరి లైసెన్సో పోవాలని మా కోరిక కాదు. ఆ రెండు రోజుల్లో ఏ ప్రశ్న అడిగి ఉంటే ముందే తెలిసేదో కాగితం మీద తేలాలి, అది మిగతా క్లినిక్‌లకు చేరాలి.

మా రెండు ఉత్తరాలూ, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాల నకలూ మీ కార్యాలయంలో ఇప్పటికే ఉన్నాయి. దొరకకపోతే మళ్లీ పంపుతాం. ఈ లేఖ వెలువడిన 30 రోజుల్లోగా జవాబు కోరుతున్నాం. వచ్చిన జవాబు ఏదైనా, మమ్మల్ని తప్పుపట్టేదైనా సరే, ఒక్క అక్షరం మార్చకుండా ఈ లేఖ చదివినవాళ్లందరికీ అందజేస్తాం. పైన రాసిన వాటిలో ఎక్కడైనా పొరపాటుంటే చూపించండి, దిద్దుకుంటాం.

మా సభ్యుడు ఈ నెల నుంచి మళ్లీ మాతో నడుస్తున్నారు. గుంజీలు రోజుకు పదితో మొదలుపెట్టారు.

ఇట్లు,
వ్యాయామ బృందం సభ్యుల తరఫున,
సమన్వయకర్త